దివిసీమలో పెద్దల మాట వింటూ

ఆదివారం, అవనిగడ్డ

విజయవాడ నుంచి కరకట్ట మీదుగా వచ్చే బస్సులో నేనూ మా మేనకోడలూ పొద్దున్నే బయల్దేరాం. దారి పొడవునా కుడిపక్క కృష్ణానది కనిపిస్తూ, తోటల చాటున కాసేపు దాక్కుంటూ మళ్లీ కనిపిస్తూ వచ్చింది. ఎడమపక్క అరటి, చెరకు, పసుపు. ఎండ ఇంకా ఎక్కకముందే అవనిగడ్డలో దిగాం.

మేం వచ్చింది ఇక్కడి పెద్దవాళ్ల జీవితాల్ని వాళ్ల గొంతులోనే రికార్డు చేయడానికి. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. కార్తీకమాసం, వరి కోతకొచ్చిన సమయం. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. ఆనాడు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. సంసారం, పిల్లలు, పొలం, పడవ అన్నీ ఉన్న ముప్పై అయిదేళ్లవాళ్లు ఎనభై దాటేశారు. ఆ రోజుల్ని పెద్దవాళ్లుగా చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ పనికి ఇంకా పదేళ్లు ఆగుదాం అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ మాకు తోడు ఒక మాస్టారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. దివిసీమలో ఆయన పాఠం చెప్పని ఊరు తక్కువ. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరికి చెవులు వినపడవు, ఎవరికి మధ్యాహ్నం నిద్ర, ఎవరింట్లో కోడలికి కొత్తవాళ్లు వస్తే ఇబ్బంది, అన్నీ ఆయనకు తెలుసు. మేం వస్తామని పది రోజుల ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చారు. "ముందు చెప్పకుండా వెళ్లి మైకు పెడితే ఎవరూ మనసులో మాట చెప్పరమ్మా. వాళ్లక్కూడా ఆలోచించుకోవడానికి టైం కావాలి" అన్నారు.

సాయంత్రం ఉప్పెన మృతుల స్మారక స్తూపం దగ్గరికి తీసుకెళ్లారు. సముద్రపు నీళ్లు ఇంతదూరం వచ్చాయా అని మా మేనకోడలు చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తిరిగి వస్తుంటే మాస్టారు ఒక మాట అన్నారు. "రేపు మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఉప్పెన గురించి ముందు అడక్కండి. ఏటా నవంబరు రాగానే కెమెరాలు వస్తాయి. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమంటాయి. పది నిమిషాల్లో వెళ్లిపోతాయి. వీళ్లు ఎనభై ఏళ్లు బతికారు. ఉప్పెన ఒక్క రాత్రి."

మేం కూడా ఆ ఉద్దేశంతోనే ప్రశ్నలు రాసుకున్నాం. మనిషిని ఆయన మీద పడిన కష్టంతోనే గుర్తుపెట్టుకోవడం గౌరవం కాదని నా నమ్మకం. కష్టం పడకముందు ఆయన ఎవరు? ఏ పనిలో చెయ్యి తిరిగినవాడు? ఎవరికి భయపడేవాడు, ఎవరిని నవ్వించేవాడు? ఆ తర్వాత మళ్లీ ఎలా లేచాడు? ఇవి అడగకపోతే మనకు దక్కేది ప్రమాదం కథే, మనిషి కథ కాదు.

పెద్దవాళ్లు గతాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే 'చాదస్తం' అని పక్కకు తప్పుకునేవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా దాన్ని మతి తప్పడానికి గుర్తుగానే చూసేవాళ్లు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఆ అభిప్రాయాన్ని గట్టిగా కాదన్నాడు. చివరి దశలో మనిషి తన జీవితాన్ని మళ్లీ మళ్లీ తిరగేసుకోవడం సహజమనీ, తెగని ముడులు విప్పుకోవడానికి అది మనసు చేసే పని అనీ రాశాడు. వయసును బట్టి మనుషుల్ని చిన్నచూపు చూడటానికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టింది కూడా ఆయనే, 1969లో. వినేవాడు ఎదురుగా ఉంటే ఆ తిరగేసుకోవడం తేలికవుతుంది. మేం చేయగలిగింది ఆ వినడమే.

సోమవారం, సొర్లగొంది

అవనిగడ్డ నుంచి నాగాయలంక మీదుగా ఆటోలో వెళ్లాం. నాగాయలంక దాటాక నేల తీరే మారిపోతుంది. వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఉప్పెనకు బాగా దెబ్బతిన్న ఊళ్లలో సొర్లగొంది ఒకటి. ఇక్కడ ప్రతి ఇంటికీ పోయినవాళ్ల లెక్క ఉంటుంది.

మేం కలిసిన తాతగారు సముద్రం మీద బతికిన మనిషి. ఎనభై దాటాయి. ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీని ఆయన లెక్కచేయరు. "అది వాళ్లు రాసింది. నేను మా పెద్దక్క పెళ్లయిన ఏడు పుట్టాను" అన్నారు. ఈ ప్రాంతంలో పెద్దవాళ్ల కాలమానమే వేరు. 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెనయ్యాక మూడో ఏడు', ఇలా చెబుతారు. తేదీ కోసం పట్టుబట్టకుండా ఆ గుర్తుల్నే రాసుకుంటూ పోతే తర్వాత సరిచూసుకోవడం కష్టమేం కాదు.

రికార్డింగు మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపించాం. ఫ్యాను హోరు మనకు వినపడదు కానీ రికార్డులో గొంతుని మింగేస్తుంది. రికార్డు ఎందుకు చేస్తున్నామో, ఎవరి దగ్గర ఉంటుందో, వద్దనుకుంటే ఎప్పుడైనా చెరిపేస్తామని వివరంగా చెప్పాం. ఆయన అంతా విని "చెరపడానికా ఇంతదూరం వచ్చారు?" అని నవ్వారు. కొడుకు పక్కనే కూర్చున్నాడు, తండ్రి అంటే ప్రాణం. కానీ ప్రతి ప్రశ్నకూ తండ్రి కంటే ముందు తనే జవాబు చెబుతున్నాడు. మాస్టారు నెమ్మదిగా లేచి, "నీ పడవ చూపిద్దువు గాని రా" అని అతన్ని బయటికి తీసుకెళ్లారు. ఆ తర్వాత తాతగారి గొంతు మారింది. మెల్లగా, తనకు నచ్చిన దారిలో మొదలుపెట్టారు.

ముందు వలల గురించి చెప్పారు. ఆయన చిన్నతనంలో నైలాను లేదు. నూలు వలలే. ఉప్పునీటికి నూలు కుళ్లిపోకుండా చెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవాళ్లు. ఆ పని ఆడవాళ్లది. వాళ్లమ్మ చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవట. "మా అమ్మ మొహం ఇప్పుడు సరిగ్గా గుర్తురాదమ్మా. చేతులు గుర్తున్నాయి" అన్నారు. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ఈ ఊళ్లో ఉప్పెనకు ముందు ఫొటోలు ఉన్న ఇల్లే దాదాపు లేదు. ఉన్న కొద్దీ నీళ్లలో పోయాయి. ఇక్కడ అమ్మ ఎలా ఉండేదో తెలియాలంటే, చూసిన మనిషి నోటితో చెప్పడం తప్ప ఇంకో దారి లేదు.

తర్వాత తండ్రితో మొదటిసారి సముద్రంలోకి వెళ్లిన రోజు. చుక్కల్ని చూసి దిక్కు పట్టడం. పోటు ఎప్పుడొస్తుందో, ఆటు ఎప్పుడు మొదలవుతుందో చంద్రుణ్ని బట్టి లెక్కకట్టడం. గంటకు పైగా అదే చెప్పారు. మా ప్రశ్నల్లో సగం అడగాల్సిన అవసరమే రాలేదు. మధ్యలో ఆయన ఆగినప్పుడల్లా మేమూ ఆగాం. ఆ మౌనంలోకి మనం వెంటనే ఇంకో ప్రశ్న తోసేస్తే, నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది. మా మేనకోడలు వయసుకు మించిన ఓపిక చూపించింది. అలాంటి ఒక పెద్ద మౌనం తర్వాత ఆయనే ఆ శనివారంలోకి వచ్చారు.

"పొద్దున ఈశాన్యం నుంచి కొట్టింది గాలి. మధ్యాహ్నానికి తూర్పుకు తిరిగింది. అది ఆగ్నేయానికి మళ్లినప్పుడు మా నాన్న లేచి నిలబడ్డాడు. ఇంక నీళ్లొస్తాయిరా అన్నాడు. ఎక్కడికెళ్తాం? ఎటు చూసినా పల్లమే."

ఆయన చెప్పిన గాలి వరస వింటుంటే ఒళ్లు జలదరించింది. ఆ తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. మన దగ్గర తుఫానులో గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది కాబట్టి, తీరం దాటిన చోటికి కుడిపక్కన సముద్రం మీది గాలి నేరుగా ఒడ్డుకు నీళ్లను తోస్తుంది. దివిసీమ ఆ కుడిపక్కన పడింది. పైగా డెల్టా నేల, ఒడ్డున లోతు తక్కువ సముద్రం. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్ల మీదికి వచ్చాయి. వాతావరణ శాస్త్రం పటాలు గీసి చెప్పే సంగతిని, చదువుకోని ఒక మత్స్యకారుడు ఇంటి ముందు నిలబడి గాలి మళ్లడం చూసి పట్టుకున్నాడు. దాన్ని ఆయన కొడుకు ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. ఆ కొడుకే మా ముందున్న తాతగారు.

ఆ రాత్రి ఆయన తుమ్మచెట్టు పట్టుకుని బతికారు. ఒంట్లో ముళ్లు దిగని చోటు లేదు. ఆయనతో పాటు చెట్టు పట్టుకున్నవాళ్లలో ఎవరు తెల్లవారేదాకా ఉన్నారో, ఎవరు లేరో పేరుపేరునా చెప్పారు. ఆ పేర్లు రికార్డులో ఉన్నాయి, ఆ ఇళ్లవాళ్లకే ఇస్తాం. ఇక్కడ రాయను.

తర్వాత నాలుగు నెలలు సముద్రం వైపు వెళ్లలేదట. ఒడ్డు కనిపించేంత దూరంలో కూర్చుని వచ్చేసేవాడినన్నారు. మళ్లీ పడవెక్కింది ఎందుకని అడిగాను. "సాయానికి ఇచ్చిన నైలాను వల ఇంట్లో కొత్తగా పడి ఉంది. దాన్ని చూస్తే సిగ్గేసింది" అన్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ పని చేశారు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు, ఇల్లు, మనవడి డిప్లొమా అంతా అందులోంచే.

మంగళవారం, ఎదురుమొండి

నాగాయలంక దగ్గరి ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఎదురుమొండి దీవికి వెళ్లాం. పంటు మీద మోటారు సైకిళ్లు, మేకలు, గ్యాస్ బండలు, కాలేజీ పిల్లలు. అటూ ఇటూ మడ అడవుల పచ్చదనం.

ఆ రోజు పని పెద్దగా సాగలేదు. ఒకరికి జ్వరం, ఒకరు కూతురింటికి వెళ్లారు. దొరికిన పెద్దాయనకు ఎడమ చెవి అసలు వినపడదు. కుడిపక్కకు జరిగి కూర్చుని, గొంతు పెంచకుండా, ఒక్కో ప్రశ్నా పొట్టిగా, మొహం కనిపించేలా అడిగితే చక్కగా అందుకున్నారు. గట్టిగా అరిస్తే పెద్దవాళ్లకు తిట్టినట్టు ఉంటుంది, మాట కూడా తెలియదు. రేవు దాటించిన కాలంలోని కబుర్లు కొన్ని చెప్పి, అలసిపోయి, "ఇంక రేపు" అన్నారు. అరగంట దాటితే చాలామందికి అలుపొస్తుంది. ఆ మాట రాగానే మైకు తీసేయాలి. సాయంత్రం పంటుకు వెనక్కి వచ్చేశాం.

బుధవారం, కోడూరు వైపు

ఇవాళ కలిసిన మామ్మగారి గురించి ఎంత రాసినా తక్కువే.

గడపలో అడుగుపెట్టగానే ఆవిడ షరతు పెట్టారు. "ఆ రాత్రి సంగతి అడిగేట్టయితే మంచినీళ్లు తాగి వెళ్లండి. నేను చెప్పను." అడగమని మాటిచ్చాం. అప్పుడు చాప వేసి కూర్చోబెట్టారు.

ఆవిడ మంత్రసాని. వాళ్లత్తగారి దగ్గర నేర్చుకున్నారు. పెళ్లయి వచ్చేనాటికి పదిహేను, పదహారేళ్లు. అత్తగారు మొదట రెండేళ్లు ఏ పనీ చెప్పలేదట. పక్కన కూర్చోబెట్టుకుని నీళ్లు కాయడం, దీపం పట్టుకోవడం, తల్లి వీపు రాయడం. అంతే. మూడో ఏడు మొదటిసారి చెయ్యి పెట్టనిచ్చారు. బిడ్డ అడ్డం తిరిగితే కడుపు మీద నుంచే చేతితో ఎలా తెలుసుకునేవారో, ఏ పరిస్థితిలో తాము ఆగిపోయి అవనిగడ్డ ఆసుపత్రికి బండి కట్టించేవారో వివరంగా చెప్పారు. 'ఇది నా చేతిలో లేదు' అని తెలియడమే తన అత్తగారి దగ్గర నేర్చుకున్న పెద్ద విద్య అన్నారు. మా మేనకోడలు నర్సింగు చదువుతోంది. దాని ప్రశ్నలు నా ప్రశ్నల కంటే మంచివి. మామ్మగారు కూడా నన్ను వదిలేసి దానివైపు తిరిగి, దాని చేతినే పట్టుకుని చూపిస్తూ చెప్పారు.

ఉప్పెన మేం అడగలేదు. ఆవిడే ఇంకో తలుపు తీసుకుని అటు వెళ్లారు. "పోయినవాళ్ల లెక్క అందరూ అడుగుతారు. పుట్టినవాళ్ల లెక్క ఎవరూ అడగరు" అన్నారు. నీళ్లు తీసిన మూడో రోజు, స్కూలు బిల్డింగులో తలదాచుకున్న జనం మధ్య చీరలు అడ్డం కట్టి చేసిన కాన్పు. వేణ్నీళ్లకు ఎండుపుల్ల దొరకలేదు. బావులన్నీ ఉప్పు. సాయానికి వచ్చినవాళ్లు తెచ్చిన తాగే నీళ్లలోంచే అడిగి తెచ్చి కాచారు. పుట్టింది ఆడపిల్ల. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని జనం, ఆ ఏడుపు వినపడగానే లేచి దగ్గరికి వచ్చారట. ఆ చలికాలంలో, ఆ ఎండాకాలంలో ఆవిడ చేతుల మీద పుట్టిన పిల్లలందర్నీ వరసగా చెప్పుకుంటూ పోయారు. ఏ ఇంట్లో, పగలా రాత్రా, పోటు మీదా ఆటు మీదా, తల్లి ఏడ్చిందా, నవ్విందా.

మేం మాట్లాడుతుంటే పొరుగాయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. నలభై ఎనిమిదికి కాస్త అటూ ఇటూ ఉంటాడు. "నా సంగతి చెప్పు పెద్దమ్మా" అన్నాడు మొహమాటంగా. స్కూల్లో చేర్పించేటప్పుడు ఎవరో వేసిన పుట్టిన తేదీయే అతనికి ఉన్నది. మామ్మగారు తడుముకోలేదు. "నువ్వు నారుమళ్లప్పుడు పుట్టావు. ఏరువాక పున్నానికి రెండు రోజుల ముందు, తెల్లారగట్ల. మీ నాన్న గుమ్మం బయట నిలబడి మగపిల్లాడా అని అడగలేదు, బతికాడా అని అడిగాడు. అంతకుముందు ముగ్గుర్ని పోగొట్టుకున్నాడు మరి." అతను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. తనకంటే ముందు ముగ్గురు ఉండేవాళ్లన్న సంగతి తెలుసు. తండ్రి ఆ మాట అడిగాడని మాత్రం తెలియదు. ఆ తండ్రి లేడు. తల్లీ లేదు. ఈ ఒక్క మనిషి దగ్గర ఆ మాట ఉంది.

ఏ ఆఫీసు రికార్డులో దొరుకుతుంది ఇది? మనం పెద్దవాళ్ల దగ్గర వెతికేది తరచు పెద్ద పెద్ద సంఘటనల్ని. ఫలానా నాయకుణ్ని చూశారా, ఫలానా ఉద్యమంలో ఉన్నారా అని. ఉప్పెన తర్వాత మదర్ థెరీసా ఇక్కడికి వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలు వసూలు చేశారు. అవన్నీ పత్రికల్లో ఉన్నాయి, ఉంటాయి. గుమ్మం బయట నిలబడ్డ తండ్రి అడిగిన మాట పత్రికల్లో ఉండదు.

రికార్డయ్యాక మామ్మగారికి వినిపించాం. రెండు చోట్ల ఆపించి, "ఇవి నేను పోయాక గాని బయట పెట్టొద్దు" అన్నారు. ఆ ఇళ్ల ఆడవాళ్ల సంగతులు అవి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో నిమిషాలతో సహా రాసి, ఆవిడ ముందే ఫైలును రెండుగా విడదీశాం. వినే హక్కు మనకు ఇచ్చింది వాళ్లు. ఎంతవరకు అన్నది కూడా వాళ్లే చెప్పాలి.

సాయంత్రం హంసలదీవి వెళ్లి వేణుగోపాలస్వామిని దర్శనం చేసుకున్నాం. పాలకాయతిప్ప దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాకా నడిచి, చీకటి పడేలోపు తిరిగొచ్చాం.

గురువారం, బందరు

ఈ రోజు మనుషుల్ని కలవడం పెట్టుకోలేదు. వరసగా వింటే వినేవాళ్ల మనసు కూడా బరువెక్కుతుంది. మా మేనకోడలు రాత్రి నిద్రపోలేదు. అందుకని మచిలీపట్నం వెళ్లి, ఒక తెలిసినవాళ్లింట్లో కూర్చుని, రికార్డుల్ని రాతలోకి దించే పని మొదలుపెట్టాం.

బందరు కూడా ఉప్పెన చూసిన ఊరే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో బందరు, చుట్టుపక్కల ఊళ్లలో కలిపి ముప్పై వేల మంది దాకా పోయారు. అంటే 1977కి నూట పదమూడేళ్ల ముందు. ఆ మధ్యలో మూడు నాలుగు తరాలు గడిచాయి. 1864ను కళ్లతో చూసి, 'సముద్రం ఇంతదూరం వస్తుంది, గాలి ఇటు మళ్లితే పరుగెత్తండి' అని చెప్పగల మనిషి 1977లో ఒక్కరూ మిగల్లేదు. మేం విన్నవాళ్లలో ఎవరికీ ఆ పాత ఉప్పెన కథ ఇంట్లో వినిపించినవాళ్లు లేరు.

అలా నిలుపుకున్న చోటు ఒకటుంది. ఇండొనేషియాలో సిమెలూ అనే దీవి. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. మిగిలినవాళ్లు ఆ సంగతిని పాటల్లో, జోలల్లో, అమ్మమ్మల కథల్లో పెట్టి పిల్లలకు చెబుతూ వచ్చారు. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి పోతే గుట్టలెక్కమని. 2004 డిసెంబరు 26న భూకంపం పుట్టిన చోటికి అతి దగ్గర్లో ఉన్న జనావాసాల్లో ఆ దీవి ఒకటి. దాదాపు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురు. సైరన్లు లేవు, ఫోన్లు లేవు. తొంభై ఏడేళ్ల పాటు ముసలివాళ్ల మాట వినడం ఉంది.

1977 తర్వాత మన తీరం వెంట రాడార్లు, తుఫాను షెల్టర్లు వచ్చాయి. 1990 మేలో కృష్ణాతీరం మీదికే మరో పెద్ద తుఫాను వస్తే ప్రాణనష్టం వెయ్యి లోపే. రాడార్ల పాత్ర ఎంతో ఉంది. కానీ సొర్లగొంది తాతగారు చెప్పినట్టు, "షెల్టరుకు పొమ్మని మైకులో చెబితే తొంభై తుఫానప్పుడు ఒక్కరు కూడా ఎదురాడలేదు. ఎందుకంటే మా ఇళ్లలో మేమున్నాం" అన్నది కూడా అంతే నిజమని నాకనిపిస్తుంది.

రాతలోకి దించేటప్పుడు వాళ్ల మాటల్ని 'బాగు' చేయకూడదని మొదటే అనుకున్నాం. అమెరికాలో 1936 నుంచి 1938 దాకా, ఒకప్పుడు బానిసలుగా బతికిన పెద్దవాళ్ల కథలు ప్రభుత్వ పథకం కింద సేకరించారు. రెండు వేల మూడు వందలకు పైగా. విముక్తి వచ్చి అప్పటికే డెబ్బై ఏళ్లు, వాళ్లంతా వృద్ధులు. ఆ పని జరక్కపోతే ఆ గొంతులు శాశ్వతంగా పోయేవి. కానీ చాలావరకు వాటిని రాసుకున్నది తెల్లవాళ్లు, చెవికి ఎలా వినిపిస్తే అలా, తమకు తోచినట్టు దిద్దుతూ. అందుకే చరిత్రకారులు ఇప్పటికీ వాటిని జాగ్రత్తగా చదువుతారు. మామ్మగారు ఎలా పలికితే అలాగే రాస్తున్నాం. ఆవిడ గొంతుని ఏ కుదింపూ లేని వేవ్ ఫైలుగా ఉంచుతున్నాం. ఒక కాపీ ఆవిడ మనవరాలి దగ్గర, ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి వేరే ఊళ్లో మా ఇంట్లో. ఒకే చోట ఉన్నది ఎప్పుడైనా పోవచ్చని ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

శుక్రవారం, మళ్లీ సొర్లగొంది

తాతగారికి ఆయన రికార్డు ఇవ్వడానికి వెళ్లాం. ఆలోగా మాస్టారు ఇంకో ఏర్పాటు చేశారు. తుఫాను షెల్టరు వరండాలో చాపలు పరిపించి, పది మంది దాకా పెద్దవాళ్లను పోగుచేశారు. మధ్యలో నాలుగు చార్టు పేపర్లు అతికించి పరిచాం. ఉప్పెనకు ముందు ఊరు ఎలా ఉండేదో గీద్దామన్నారు. ఏ వీధిలో ఎవరిల్లు, ఎవరి పాక, బావి ఎక్కడ, వలలు ఎండేసే దిబ్బ ఎక్కడ.

మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పలేదు. ఒక మామ్మ లేచి, పెన్సిలు తీసుకుని, బావి పెట్టారు. అంతే. "బావి అక్కడెందుకుంటుందే, రామాలయానికి ఇవతల కదా" అని ఒకాయన. "నీకేం తెలుసు, నీళ్లు మోసింది నేను" అని ఆవిడ. ఒక్కసారిగా అందరూ కాగితం మీదికి వంగారు. కర్ర పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చున్నారు కొందరు. ఒక్కో ఇల్లూ లేచింది. ఇంటితో పాటు మనుషులు. "వీళ్లింట్లో అయిదుగురు." "ఆరుగురు. చంటిపిల్లను మరిచావు." "పిల్ల పేరేంటి?" "పేరు పెట్టలేదింకా. ఇరవై ఒకటో రోజు కాలేదు." మా మేనకోడలు ఇంటి గుర్తు పక్కన 'చంటిపిల్ల' అని రాసింది. ఊరి కుర్రాళ్లు నలుగురు ఫోన్లు పక్కన పెట్టి, ఎవరు చెబుతుంటే వాళ్ల భుజం మీంచి చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒకడు తాతగారి మనవడు. తాతగారి ఇంటి పక్కనే తన మిత్రుడి ముత్తాత ఇల్లు ఉండేదని అప్పుడే తెలిసింది అతనికి. ఇక మీదట రికార్డింగు తనే చేస్తానన్నాడు. మైకు ఎలా పట్టాలో, ఫ్యాను ఎందుకు ఆపాలో మా మేనకోడలు అతనికి నేర్పింది. మా దగ్గరున్న రికార్డరు అక్కడే వదిలేశాం.

మధ్యాహ్నం దాటేసరికి మూడు వీధులు పూర్తయ్యాయి. నాలుగో వీధి చివర ఒక ఇంటి దగ్గర గొడవ ఆగింది. అక్కడ అన్నదమ్ములిద్దరిదీ ఒకే పాకా, రెండు వేరు వేరు పాకలా? తాతగారు ఒకటే అంటారు. బావి మామ్మ రెండంటారు. ఎవరూ తగ్గలేదు. ఆ ఇంటి ఆడపడుచు ఒకావిడ కోడూరులో ఉందని, ఆవిడకు అంతా గుర్తేనని ఎవరో అన్నారు. మనవడు అప్పటికే వాళ్లబ్బాయి నంబరు వెతుకుతున్నాడు. రేపు పొద్దున మొదటి బస్సుకి ఆవిడను తీసుకొస్తానని మాస్టారు చెబుతున్నారు. తాతగారు మాత్రం, "అదొస్తే ఒకటే అని చెబుతుంది, చూడండి" అని పెన్సిలు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నారు.